పతి, క్వింటాలు 7,521 రూపాయలు

నన్ను అమ్మేశారన్న సంగతి 2025 భోగి నాడు పొద్దున్నే తెలిసింది. వాకిట్లో మంట ఇంకా ఆరలేదు. మా ఆవిడ అరుగు మీద కూర్చుని, ముందు రోజు కొత్తగూడెం జిరాక్స్ షాపులో తీయించుకొచ్చిన చేను లెక్కల కాగితాలు ముందేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, రేడియోలో వార్తలు చదివినట్టు మొదలుపెట్టింది.

“పతి అమకం, ఇరవై నాలుగు కింటాళు. మదతు ధర ఏడు వేల ఐదు వందల ఇరవై ఒకటి. పతిలో తేమ ఎకువ, కోత పెటారు. పతి ఏరిన కూలి. పతి తోలిన ఆటో కిరాయి. పతి కటె పీకించిన కూలి, రెండు రోజులు.”

అక్కడ ఆగి, కళ్ళజోడు మీంచి నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది.

“ఇరవై నాలుగు క్వింటాళ్ళ పతిని అమ్మినా పురుగుమందుల కొట్టు బాకీ తీరలా, చూశారా సారూ?”

నేను తూగేది అరవై ఎనిమిది కేజీలు. అదలా ఉంచితే, నేను తెలుగు పండితుణ్ణి. ముప్పై ఏళ్ళుగా జిల్లా పరిషత్ బడుల్లో పిల్లలకు వత్తులు దిద్దించి, వత్తు మరిచిపోయిన పాపానికి ఎందరి చెవులో మెలిపెట్టినవాణ్ణి. నా ఇంట్లోనే, నేనే పెట్టిన కంప్యూటర్లో రాసిన లెక్కలు, వత్తుల్లేని నాలుగు పేజీలుగా బయటికొచ్చాయి. ఖమ్మం ‘ఖమం’ అయింది. కొత్తగూడెం ‘కొతగూడెం’, ఇల్లందు ‘ఇలందు’, ఏన్కూరు ‘ఏనూరు’. వత్తు అంటూ లేని పుణ్యానికి జూలూరుపాడు మాత్రం చెక్కుచెదరలేదు. విద్యుత్ బిల్లులో విద్యుత్తు నిలిచింది, బిల్లే ‘బిలు’ అయింది. ఎందుకంటే య-వత్తు గడుసుది, అక్షరం కింద అణిగి కూర్చోకుండా తోకను పక్కకు పైకి లేపుకుని బతికిపోతుంది. త-వత్తు, క-వత్తు, ల-వత్తు అమాయకంగా కిందే కూర్చుంటాయి. కింద కూర్చున్నవన్నీ కోతకు పోయాయి.

జబ్బు ఏమిటో తర్వాత తెలిసింది, ఇప్పుడే చెప్పేస్తాను. ఇంగ్లీషు అక్షరాలకు నేలమాళిగ లేదు. మహా అయితే జీ, వై లాంటివి కాస్త కాళ్ళు చాపుకుంటాయి. మన అక్షరానికి పైన గుడి, తలకట్టు, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద మరో వత్తు. ‘వస్త్రం’ అని రాసి చూడండి, ఎంత లోతుకు దిగుతుందో. అక్షరాలు గీత కింద ఎంత దాకా దిగవచ్చో ప్రతి ఫాంటు ఫైలులోనూ ఒక అంకె ఉంటుంది. మా లెక్కల సాఫ్ట్‌వేరు తెలుగు గడిని కూడా ఇంగ్లీషు ఫాంటు అంకెతోనే కొలిచి, ఇంతే లోతు చాలనుకుని, మిగతాది తెగ్గోసింది. తెర మీద బాగానే ఉండేది, కాగితం మీదికి వచ్చేసరికి గోవిందా.

ఆ సాఫ్ట్‌వేరు మా ఇంట్లోకి ఎలా వచ్చిందన్నదే నేను ఒప్పుకోవలసిన మొదటి నేరం.

పదిహేడేళ్ళు మా ఆవిడ ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో లెక్కలు రాసింది. అందులో ఒక్క వత్తు పోలేదు, ఒక్క పైసా పోలేదు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే ఉద్యమం ఉంది. సాఫ్ట్‌వేరు అందరి సొత్తుగా ఉండాలి, దాని లోగుట్టు ఎవరైనా చూసి బాగుచేసుకునేలా ఉండాలి అంటారు వాళ్ళు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు పూనకం. పాత కంప్యూటరుకు లినక్స్ ఎక్కించాను, ప్రపంచంలో ఎవరెవరో జీతం బత్తెం లేకుండా రాసిన లెక్కల సాఫ్ట్‌వేరు పెట్టాను, ఖాతా పుస్తకం తీసి బీరువా మీద పడేశాను. ఇది సిద్ధాంతం అని నేనంటాను. పిసినారితనం అని ఆమె అంటుంది. ఇద్దరం ఒకే పదార్థానికి పర్యాయపదాలు చెబుతున్నామని నా అనుమానం.

“ఇది బగ్. రిపోర్టు చేస్తా, బాగుచేస్తారు” అన్నాను.

“ఎవరు?”

“వాళ్ళు.”

“వాళ్ళంటే?”

నిజానికి వాళ్ళంటే ఎవరో నాకూ తెలియదు.

ఆ రాత్రే ఖాతా తెరిచి, జీవితంలో మొదటి బగ్ రిపోర్టు రాశాను. నాకొచ్చిన ఇంగ్లీషు సెలవు చీటీ ఇంగ్లీషు. కాబట్టి అది ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలై, ‘యువర్స్ ఒబీడియెంట్లీ’ అని ముగిసింది. మధ్యలో మా జిల్లా, మా పంట, తెలుగు ప్రాచీన హోదా, అన్నీ వచ్చాయి. శీర్షిక మాత్రం క్లుప్తంగా ఉండాలన్నారని ఇలా పెట్టాను: ‘కాటన్ ఈజ్ బికమింగ్ హజ్బెండ్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్.’

పదకొండు రోజులకు జవాబొచ్చింది. రాసిన మనిషికి పేరు లేదు, నాలుగు అక్షరాలూ రెండు అంకెలూ కలిసిన మారుపేరు. ఏ దేశమో తెలియదు. ఏ వెర్షను, ఏ యంత్రం, ఏ వరసలో ఏం నొక్కితే వస్తోంది, ఆశించిన ఫలితం ఏమిటి, వచ్చిన ఫలితం ఏమిటి అని అడిగాడు. భర్త గురించి ఒక్క మాట లేదు. నా చీటీలో కళ్ళు తడిసే వాక్యాలు కనీసం మూడున్నాయి, వాటి గురించీ లేదు.

సరే, రాశాను. ఆశించిన ఫలితం: పత్తి. వచ్చిన ఫలితం: పతి.

వారం తర్వాత జవాబు: “క్షమించాలి, నాకు రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి. గుండ్రంగా.”

ఆ పూట నాకు అన్నం సయించలేదు. నన్నయ నుంచి ఈనాటి దాకా వెయ్యేళ్ళు తపస్సు చేసిన లిపిని పట్టుకుని గుండ్రంగా అంటాడా! “మీకు బర్మా అక్షరాలు చూపిస్తే ఏమంటారు?” అంది మా ఆవిడ. నేనేమంటాను, గుండ్రంగా ఉన్నాయంటాను. వెళ్ళి త-వత్తు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఫొటో తీసి పంపాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంత శ్రద్ధగా దిద్దిన పేపరు లేదు.

దానికాయన మరో ప్రశ్న వేశాడు: “వత్తు పోయాక మిగిలేది కూడా అర్థం ఉన్న మాటేనా?”

“అవును. అది నేనే” అని రాశాను.

తర్వాత, వేరే ఫాంట్లలోనూ ఇలాగే వస్తోందేమో చూడమన్నాడు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు, సిలికానాంధ్ర వాళ్ళు, ఉచితంగా వదిలిన ఫాంట్లు కొన్ని ఉన్నాయి. కృష్ణదేవరాయల కొలువు కవుల పేర్లు చాలావాటికి పెట్టారు. పత్తిని పెద్దనలో పెట్టాను, పతి అయింది. తిమ్మనలో పెట్టాను, పతి. ధూర్జటి, మల్లన్న, సూరన్న, రామభద్ర, రామరాజ, ఆఖరికి ఎంతటి చిక్కునైనా విడదీస్తాడని పేరున్న తెనాలి రామకృష్ణ. అష్టదిగ్గజాలు ఎనిమిదిమందీ కలిసి ఒక్క త-వత్తును కాపాడలేకపోయారు. తప్పు ఫాంట్లది కాదు, గడి కొలతదని అలా తేలింది. ఎనిమిదిమందీ నిర్దోషులని రాసి, ఎవరెవరో ఒక్కో వాక్యంలో పరిచయం కూడా చేశాను. దానికీ జవాబు లేదు.

వచ్చిందల్లా ఒక ముద్ర: ‘డూప్లికేట్’. ఇదే గోడును తొమ్మిదేళ్ళ కిందటే ఎవరో చెప్పుకున్నారట, వేరే దేశపు వేరే లిపి గురించి. కాబట్టి నా అర్జీ మూసి, దాని వెనక వరసలో నిలబెట్టారు. ఆ పాత అర్జీ తెరిచి చూశాను. తొమ్మిదేళ్ళలో ఇరవై మూడు మంది వచ్చి, ‘నాక్కూడా’ అని ఒక ముక్క రాసి, వెళ్ళిపోయారు. సత్రంలో గోడ మీద బొగ్గుతో పేర్లు రాసి పోయినట్టుంది. ఇరవై నాలుగోవాణ్ణి నేను.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ప్రపంచాన్ని కుదిపేసింది. దాన్ని ఒక తీరులో కూర్చి పంపితే చాలు, ఆపిల్ ఫోన్లలో దాన్ని చూపించబోయిన యాప్ అక్కడికక్కడే కూలిపోయేది. దేశదేశాల పత్రికలు ‘తెలుగు అక్షరం’ అంటూ రాశాయి. కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6 వచ్చి దాన్ని సర్దేసింది. లక్ష రూపాయల ఫోనును పడగొట్టిన అక్షరానికి పదిరోజుల్లో మందు. ఎవర్నీ ఏమీ అనకుండా తన తోక తాను పోగొట్టుకున్న అక్షరానికి తొమ్మిదేళ్ళు. నెమ్మదస్తులకు ఎక్కడైనా ఇంతే.

అయినా మా ప్రాంతంవాళ్ళకు తెమలని అర్జీలు కొత్తేం కాదు. కొత్తగూడెంలో ఉన్న రైల్వే స్టేషను పేరు ‘భద్రాచలం రోడ్’. రాముణ్ణి చూద్దామని దిగిన కొత్తవాడు గుడి ఎటు అని అడిగితే, ఇంకా సుమారు నలభై కిలోమీటర్లు అని చెప్పేసరికి వాడి ముఖం చూడాలి. 2014లో గీసిన సరిహద్దు గీతతో భద్రాద్రి రాముడి గుడి తెలంగాణలో ఉండిపోయింది, ఆయన భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. ఆ పక్క ఐదు పంచాయతీలవాళ్ళు మమ్మల్ని ఇటు కలపండి మొర్రో అని ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. ఆ వరసలో నా త-వత్తు ఎంత!

మా ఆవిడ మాత్రం దీన్ని వేరేగా చూసింది. బగ్ అంటే ఏమిటని అడిగితే, పురుగు అని చెప్పి, నా పాండిత్యం కొంత ఒలకబోశాను. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో, హార్వర్డ్ వాళ్ళ మార్క్ 2 అనే యంత్రంలో రెక్కల పురుగు ఇరుక్కుంటే, దాన్ని పీకి లాగ్ పుస్తకంలో టేపుతో అంటించారు, ఆ పేజీ ఇప్పటికీ ఉంది, అయితే బగ్ అనే మాట ఇంజనీర్ల నోట అంతకు ముందు నుంచే ఉంది, అని. ఆమె పత్తి చేలో గులాబీ రంగు పురుగుతో తలపడుతున్న మనిషి, రెక్కల పురుగు అనగానే చెవి ఇటు పెట్టింది.

“బుట్టలో వరసగా మూడు రోజులు ఎనిమిదేసి పడితే మందు కొట్టాలి. ఏడు పడితే ఊరుకోవాలి” అంది. లింగాకర్షక బుట్టల లెక్క అది, వ్యవసాయాధికారి చెప్పింది. “మీవాళ్ళకు బుట్టలో ఎన్ని పడితే కదుల్తారో కనుక్కోండి. ఇరవై నాలుగు పడ్డా కదల్లేదంటే వాళ్ళ చేను మనదానికన్నా పెద్దది అయుండాలి.”

చేను ఎంత పెద్దదో తర్వాత చూశాను. తెమలకుండా ఉన్నవి వేలల్లో ఉన్నాయి. బుట్టలు ఏరేవాళ్ళు పట్టుమని పదిమంది లేరు.

ఇక నైట్లీ గొడవ. దీన్ని చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ, ఊళ్ళో అందరికీ తెలిసినదాన్ని దాచి లాభం లేదు.

ఒకనాడు ఆ మారుపేరు మనిషి, పాత అర్జీని దుమ్ము దులుపుతున్నాననీ, తాజా ‘నైట్లీ బిల్డ్’లో కూడా ఇలాగే ఉందేమో చూసి చెప్పమనీ అడిగాడు. నైట్లీ అంటే రోజూ రాత్రి దానంతటదే తయారయ్యే పచ్చి సరుకు, ఇంకా పరీక్షలు కానిది. సైజు మూడొందల ఎంబీ. మా ఊళ్ళో సిగ్నల్ గట్టిగా అందేది ఓవర్‌హెడ్ ట్యాంకు పక్కన, అదీ కోతులు లేనప్పుడు. మూడొందల ఎంబీ దించాలంటే ట్యాంకు కింద కాపురం పెట్టాలి. కొత్తగూడెంలో మా బావమరిదికి సింగరేణి క్వార్టర్సు, అందులో వైఫై. ఆదివారం పూట బగ్ కోసం బస్సెక్కి పోతున్నానంటే మా ఆవిడ ఏమంటుందో తెలుసు కనుక, శనివారమే సెలవు పెట్టి, డీఈఓ ఆఫీసులో మీటింగు ఉందని చెప్పి వెళ్ళాను. బావమరిది ఇంట్లో గదిలో కూర్చుని నాలుగు గంటలు దించాను, పరీక్షించాను, పతి పతిగానే ఉన్నాడు, వచ్చేశాను.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను. లెక్క అంటే లెక్కే కదా అని, అబద్ధం చెప్పి వెళ్ళినా ఖర్చు మాత్రం నిజాయితీగా లెక్కల్లో రాశాను: ‘నైట్లీ కోసం కొత్తగూడెం, బస్సు ఛార్జీ, 140’.

నెలాఖరున ప్రింటు వచ్చింది. మా అత్తగారు కూడా ఇంట్లోనే ఉన్నారు, వక్క కత్తిరిస్తున్నారు.

“నైటీ కోసం కొతగూడెం, బసు ఛారీ, నూట నలభై” అని చదివింది మా ఆవిడ. వక్క కత్తెర ఆగిపోయింది.

నైటీ కాదు, నైట్లీ. ల-వత్తు పోయింది, ఆ బగ్ కోసమే వెళ్ళాను, ఆ బగ్గే దీన్ని తినేసింది, అని చెప్పబోయాను. భయంలో వాక్యం తిరగబడింది.

“సైజెంత?” అంది మా ఆవిడ.

“మూడొందల ఎంబీ” అన్నాను.

మా అత్తగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. సాక్ష్యానికి బావమరిదికి ఫోను చేశాను, స్పీకరు పెట్టి. అతను సింగరేణిలో రాత్రి షిఫ్టు దిగి నిద్రలో ఉన్నాడు. “అవునక్కా, బావ వచ్చాడు. తలుపేసుకుని నాలుగు గంటలు ఏదో నైటీ అన్నాడు” అని పెట్టేశాడు. బగ్ నోట్లో కూడా వత్తును తినేయగలదని అప్పుడు తెలిసింది. చివరికి నన్ను కాపాడింది నా బగ్ రిపోర్టే. తొమ్మిదేళ్ళ ఆ పాత పేజీ తెరిచి, ఆ మనిషి రాసిన ‘నైట్లీ’ని మా ఆవిడకు ఇంగ్లీషు అక్షరాల్లో చూపించాను. ఒక్కో అక్షరం వేలుపెట్టి చదివింది. “డీఈఓ ఆఫీసు ఎక్కడుంది ఇందులో?” అంది.

ఇంతకన్నా పెద్దది ఇంకొకటుంది.

మార్చిలో ఆయన ‘శాంపిల్ ఫైలు’ అడిగాడు, అంటే జబ్బు కనబడే అసలు ఫైలు. నేను మా చేను లెక్కల ఫైలే ఉన్నదున్నట్టు ఎక్కించాను. నాలుగు గడులతో చిన్న నమూనా చేసి పంపాలనీ, సొంత వివరాలు తీసేయాలనీ అక్కడ పెద్ద అక్షరాలతో రాసే ఉంది. చదవలేదు. పిల్లలకు ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయమని ముప్పై ఏళ్ళు చెప్పిన నోరే ఇది. ఎక్కించాక తీసేయడానికి నాకు అధికారం లేదు. మేం ఎవరికెంత బాకీయో, మా అత్తగారి గాజులు ఏ బ్యాంకులో ఉన్నాయో, అంతా లోకం ముందు పరిచి ఉంది. తెలుగు రానివాళ్ళ లోకం కాబట్టి పరవాలేదని సర్దిచెప్పుకున్నాను.

మూడో రోజు ఆ మనిషి రాశాడు: “ధన్యవాదాలు, జబ్బు నాకూ కనిపించింది. ఇంకో సంగతి: 41వ వరసలో 6,500 అంకె మొత్తంలో కలవడం లేదు. ఆ అంకెకు ముందు ఒక కొటేషన్ గుర్తు ఉంది, అందుకని మా సాఫ్ట్‌వేరు దాన్ని మాటగా తీసుకుంటోంది. అది కూడా బగ్ అనుకుంటున్నారా, లేక కావాలని పెట్టారా?”

తెలుగు రాదు గానీ లెక్కలు వచ్చు వాడికి.

కావాలనే పెట్టాను. 41వ వరసలో ‘స్ప్రేయర్ రిపేరు’ అని ఉంటుంది. స్ప్రేయరుకు ఏ రోగమూ లేదు. ఖమ్మంలో ఒక పాత మానిటరు కొన్నాను, పెద్దది, ఉచిత సాఫ్ట్‌వేరును సుఖంగా చూసుకోవడానికి. అంకె ముందు చిన్న కొటేషన్ పెడితే అది తెరమీద అంకెలా కనిపిస్తుంది, కూడికలో మాత్రం కలవదని నాకు తెలుసు. ఆమె వరసలు చూసుకుంటే 6,500 అక్కడే ఉంటుంది. మొత్తం చూసుకుంటే నొప్పి ఉండదు. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క సాంకేతిక ఆవిష్కరణ అది. వేల మైళ్ళ అవతల, పిల్లలు పడుకున్నాక తీరిక చేసుకుని కూర్చున్న ఎవరో పరాయి మనిషి, అడగకుండానే దాన్ని పట్టేశాడు.

జవాబేం రాయాలో తోచక రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు మా ఆవిడ కాఫీ గ్లాసు పెడుతూ, “ఆయన అడిగింది చెప్పలేదేం? బగ్గా, కావాలనా?” అంది. నైట్లీ గొడవ నాటి నుంచి రోజూ ఆ పేజీ ఆమె కూడా తెరిచి చూస్తోందట. నేను ఖాతా పుస్తకం మాన్పించినందుకు ఈ మాత్రం ఇంగ్లీషు నేర్చుకుందట.

పరువు పోయిన మనిషికి కోపం సులువుగా వస్తుంది. ఆ కోపం మా ఆవిడ మీద చూపించే ధైర్యం లేదు. ఆ రాత్రి ఆయన మీద చూపించాను. తొమ్మిదేళ్ళుగా ఏం చేస్తున్నారు, ఒక అంకె మార్చడానికి ఇంతసేపా, తెలుగువాళ్ళంటే ఇంత చులకనా, మీ సాఫ్ట్‌వేరు నమ్ముకుని మా సంసారం బజారున పడింది, అని రాశాను. ఈసారి ‘రెస్పెక్టెడ్ సర్’ లేదు.

ఆయన జవాబు మూడు వాక్యాలు. పగలు వేరే ఉద్యోగం చేస్తాననీ, ఇది పిల్లలు పడుకున్నాక చేసే పని అనీ, ఎవరైనా దిద్దుబాటు రాసి పంపితే సంతోషంగా చూస్తాననీ.

ఏప్రిల్ 6న శ్రీరామనవమి. భద్రాచలంలో కల్యాణం, మిథిలా స్టేడియం దగ్గర ఇసక వేస్తే రాలని జనం. మా ఉపాధ్యాయ మిత్రులం ఏటా చందాలు వేసుకుని చలివేంద్రం పెడతాం. నిప్పులు చెరిగే ఎండ. తెల్లవారుజామున లేచి డ్రమ్ముల్లో మజ్జిగ చిలికి, అల్లం, కరివేపాకు దంచి వేసి, గ్లాసులు అందిస్తూ నిలబడ్డాను. పదకొండు గంటల వేళ ఒకాయన వచ్చాడు. గ్లాసు ఎత్తి తాగాడు, మూతి తుడుచుకున్నాడు.

“ఉప్పు తక్కువైంది” అన్నాడు.

“పుణ్యానికి పోస్తుంటే ఉప్పు తక్కువ, పప్పు తక్కువ అంటారేం సామీ!” అని అరిచాను. ఆయన బిక్కచచ్చిపోయి, రెండో గ్లాసు అడగకుండానే వెళ్ళిపోయాడు. నా పక్కన నిమ్మకాయలు కోస్తున్న మా ఆవిడ తలెత్తలేదు. “ఉప్పు తెచ్చి వేస్తే సంతోషంగా కలుపుతామని చెప్పకపోయారా?” అంది. తర్వాత గరిటెతో తీసుకుని చప్పరించి చూశాను. ఉప్పు తక్కువే. పొద్దుటి నుంచి రెండు డ్రమ్ములు ఖాళీ అయ్యాయి, వందలమంది తాగారు, ఆ ఒక్కడే చెప్పాడు.

ఆ వేళ గుడి మెట్లెక్కుతుంటే రామదాసు గుర్తొచ్చాడు. మా ఉమ్మడి ఖమ్మం జిల్లా నేలకొండపల్లివాడే, పాల్వంచ పరగణాకు తహసీల్దారు, కంచర్ల గోపన్న. ఖజానా సొమ్ముతో గుడి కట్టించినందుకు గోల్కొండ చెరలో పన్నెండేళ్ళు ఉన్నాడంటారు. ఆ పన్నెండేళ్ళూ ఆయన చేసింది అర్జీలు పెట్టడమే కదా. సీతమ్మ చింతాకు పతకంతో సహా ఎవరికే నగ చేయించాడో వరసగా లెక్క చెప్పాడు, జవాబు లేదు. ఇదంతా ఎవడబ్బ సొమ్మని తిట్టాడు. తిట్టినందుకు మళ్ళీ నొచ్చుకున్నాడు. చివరికి రామలక్ష్మణులే రాత్రిపూట తానీషా దగ్గరికొచ్చి ఆరు లక్షలు చెల్లించి, రసీదు కూడా పుచ్చుకున్నారని కథ. అంత శ్రద్ధగా మూసిన అర్జీ చరిత్రలో మరొకటి లేదు. నాకు మాత్రం తిట్టడం దాకా వచ్చింది, నొచ్చుకోవడం దగ్గర చేయి ఆడలేదు.

చేయి ఆడేలా చేసింది వేరే కథ. ఎక్స్‌జెడ్ అని ఒక చిన్న పనిముట్టు ఉంది, ఫైళ్ళను నలిపి చిన్నవి చేసేది. లోకంలో లినక్స్ ఉన్నచోట దాదాపు అదీ ఉంటుంది. లాస్సె కొలిన్ అనే ఆయన ఏళ్ళ తరబడి దాదాపు ఒక్కడే, జీతం లేకుండా, దాన్ని చూసుకున్నాడు. 2022లో కొన్ని పేర్లు పోగై, ఎందుకింత ఆలస్యం, చేతకాకపోతే ఇంకొకరికి అప్పజెప్పు అని పోరు పెట్టాయి. మనసు బాగుండటం లేదనీ, ఇది తీరిక వేళల పనేననీ ఆయన చెప్పుకున్నాడు. ఆఖరికి సాయానికొచ్చిన జియా టాన్ అనే పేరుకు తాళాల్లో వాటా దక్కింది. ఆ పేరు వెనక ఉన్నవాళ్ళు అందులో దొంగ తలుపు పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన యంత్రంలోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందా అని తవ్వుకుంటూ పోయి, 2024 మార్చి 29న గుట్టు బయటపెట్టాడు. పోరు పెట్టిన ఆ పేర్లు కూడా దొంగ మనుషులవేనని చాలామంది అనుమానం. నేను రాసిన తిట్టు, వాళ్ళు రాసిన పోరు పక్కపక్కన పెట్టుకుని చదివాను. వ్యాకరణంలో నాదే మెరుగు. మిగతాదంతా ఒకటే.

“నీ పోరు వల్ల కదా నేను తిన్నగా ఉన్నది, పోరు అంత చెడ్డదా?” అని మా ఆవిణ్ణి అడిగాను. “మీరు తిన్నగా ఉన్నారని ఎవరన్నారు?” అంది.

క్షమాపణ రాశాను. అది కూడా సెలవు చీటీ లాగే వచ్చింది, ఏం చేయను. దాంతోపాటు నాలుగే గడులున్న చిన్న ఫైలు చేసి పంపాను: పత్తి, అప్పు, వడ్డీ, స్త్రీ. దిద్దుబాటు రాయడం నాకెటూ చేతకాదు కాబట్టి, వత్తు ఉన్న వంద మాటలు, లోతును బట్టి వరసగా పేర్చి, ఒక్కోటి కాగితం మీద ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగుతుందో స్కేలు పెట్టి కొలిచి పంపాను. స్కేలు పట్టుకుంది మా ఆవిడే. నాకు కళ్ళు ఆనవు, పైగా కొలతల్లో నా మాట ఇప్పుడు ఎవరూ నమ్మరు.

దసరా సెలవుల్లో కొత్త వెర్షను వచ్చింది. మార్పుల పట్టికలో మా సంగతి ఒకే వాక్యం. తొమ్మిదేళ్ళ అర్జీ మూతపడింది. మా ఆవిడ ఆయన అడ్రసు అడగమంది, ఎండుమిర్చి పచ్చడి పంపుతుందట. బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. పాపం ఖమ్మం మిర్చి సంగతి ఎవరైనా చెప్పి ఉంటారు.

పది రోజులు గడవకముందే కొత్త అర్జీ ఒకటి కనిపించింది. ఎవరో రాశారు: కొత్త వెర్షనులో వరసలు అకారణంగా ఎత్తు పెరిగాయి, నాలుగు పేజీలు పట్టేది ఆరవుతోంది, దయచేసి మునుపటిలా చేయండి. అకారణంగానట! కుర్చీలోంచి లేచి నిలబడి మరీ చదివాను. మా ఆవిడ కీబోర్డు నా చేతికందకుండా జరిపింది.

మరుసటి ఏడు భోగికి మళ్ళీ ప్రింటు తీయించింది. ఆరు పేజీలు. అరుగు మీద కూర్చుని చదివింది. పత్తి అమ్మకం. మద్దతు ధర 8,110. పత్తిలో తేమ ఎక్కువ, కోత పెట్టారు. పత్తి కట్టె పీకించిన కూలి. ఒక్కో వత్తూ దాని చోట అది కూర్చుని ఉంది. నేను ఆ పేజీలు తీసుకుని, పరీక్ష పేపర్లలా ఒక్కో వరసా వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. ఆఖరి పేజీలో పాత బాకీల కింద ఒక వరస దగ్గర వేలు ఆగింది. ‘పతి, 6,500’.

“ఇదిగో, ఇక్కడొకటి మిగిలిపోయింది. ఇది కూడా రాయాలి ఆయనకు” అన్నాను.

“రాయక్కర్లేదు. అది నేనే అట్టా కొట్టా” అంది, పేజీ నా చేతిలోంచి తీసుకుంటూ. “కింద మొత్తం కూడా చూడండి. కలిసింది.”